మీటరు ఎవరి పేరున

ముక్తేశ్వరం
8 జూన్ 2025

అత్తయ్య గారికి,

మీ ఇల్లు కాజేయడానికి నేనిక్కడికి రాలేదు. క్షేమసమాచారాల కంటే ముందు ఈ మాట రాస్తున్నాను. ఎందుకంటే నాన్న ఉత్తరం ఈపాటికే కొండెక్కి మీ హాస్టలుకి చేరి ఉంటుంది, అందులో ఏముందో నాకు తెలుసు.

జరిగింది ఇంతే. ఏడేళ్లుగా తాళం వేసి ఉండడంతో మీ ఇంటి కరెంటు సర్వీసు రద్దయిపోయింది. కొత్త మీటరు కావాలంటే ఇంట్లో ఉంటున్న మనిషి పేరున పెట్టించుకోవచ్చు, ఇల్లుగలవారు ఒప్పుకుంటూ ఒక కాగితం రాసిస్తే చాలు అన్నారు. నేను అమ్మకి ఫోను చేసి పాత బిల్లు ఒకటి వెతకమన్నాను. అమ్మ నాన్నతో చెప్పేసరికి ఆ బిల్లు మీటరైంది. నాన్న నోట్లో పడేసరికి మీటరు ఇల్లయింది.

"ఇవాళ మీటరు, రేపు ఇంటిపన్ను, ఎల్లుండి ఇల్లు. అక్క కొండ మీదుందనే కదే నీ ధైర్యం?" అన్నారు ఫోనులో.

మన ఇంట్లో నా సంగతి ఎప్పుడూ ఇంతే. పదో తరగతిలో నేను కిటికీ దగ్గర కూర్చుంటే ఎవర్నో చూస్తోందన్నారు. నేను చూసింది కరెంటు తీగ మీది పిట్టల్ని. వాటికి షాకెందుకు కొట్టదా అని. ఆ మాట చెబితే, అబద్ధం కూడా సరిగ్గా ఆడలేవని అమ్మ నవ్వింది.

నాకు హైదరాబాద్ కంపెనీ ఒకటి ఉద్యోగమిచ్చింది. ఆకాశం నుంచి తీసిన ఫొటోల మీద కాలవలు, చెరువులు, ఇళ్ల కప్పులు గీసి పటాలు తయారుచేసే పని. ఇంటి నుంచే చెయ్యొచ్చు, కాని జూలై పదిహేను లోపల ఇంట్లో ఆగకుండా నడిచే నెట్ ఉండాలి. మండపేటలో మన మూడు గదుల్లో టీవీ, మిల్లు నుంచి వచ్చేపోయే నాన్న స్నేహితులు, నా పెళ్లి మాటలు. అక్కడ నేను గీత గీయలేను. అందుకే మీ తాళం అడిగాను. నాన్న పెట్టిన షరతు ఒక్కటే. పదిహేనో తారీఖుకి లైను రాకపోతే నోరెత్తకుండా ఆయన వెంట మండపేట వెళ్లి, ఆయన మాట్లాడి ఉంచిన స్కూల్లో చేరాలి. ఆయ్ అన్నాను.

ఇంక ఇల్లు. మొదటి రెండు రోజులూ కొవ్వొత్తులే. వంటింట్లో నడుమ చిల్లున్న ఇనుప గిన్నె ఒకటి దొరికింది. ఏ వంటకో ఎంత ఆలోచించినా తెలియలేదు. బోర్లించి ఆ చిల్లులో కొవ్వొత్తి నిలబెట్టుకున్నాను, బాగా కుదిరింది. తర్వాత మీరు కాగితం పంపుతారని నేను మాటిస్తే లైన్‌మన్ నమ్మి స్తంభం ఎక్కాడు. మెయిన్ వెయ్యగానే హాల్లో ఫ్యాను ఒకసారి మూలిగి, ఇన్నేళ్ల దుమ్మూ నా నెత్తిన పోసి, తిరగడం మొదలుపెట్టింది. నేను దుమ్ము దులుపుకోవడం మర్చిపోయి కిందే నిలబడిపోయాను. ఎక్కడో ఏటి నీళ్లో బొగ్గో తిప్పిన చక్రం, ఇక్కడ మీ ఇంట్లో ఈ రెక్కల్ని తిప్పుతోంది. రోజూ చూసేదే. కాని అంత నిశ్శబ్దం తర్వాత చూస్తే వేరేగా ఉంది.

బోరు మోటారు నోట్లో నీళ్లు పోసి, గాలి తీసి, స్విచ్చి వేస్తే చాలాసేపు దగ్గింది. ముందు ఎర్రగా, తుప్పు వాసనతో వచ్చాయి. తర్వాత తేటగా, పళ్లు జివ్వుమనేంత చల్లగా. బకెట్టు నిండి పొర్లిపోతున్నా కట్టేయబుద్ధి కాలేదు.

నెట్ మాత్రం కష్టంగానే ఉంది. ఫోను కంపెనీవాళ్ల తెల్ల డబ్బా పెట్టి చూశాను. మన చుట్టూ కొబ్బరిచెట్లు కదా, గాలి వీస్తే మట్టలు ఊగుతాయి, మట్టలు ఊగితే నెట్ ఆగుతుంది. ఇంకొకరి తీగ ఊరి మొదట్లోనే చుట్ట చుట్టుకుని ఆగిపోయింది. ఇక మిగిలింది కేబుల్ గంగబాబు. "మన దగ్గర ఫైబరండి, తుపానొచ్చినా ఊగేది చెట్టేగాని నెట్టు కాదండి" అన్నాడు. కోతలు ఎక్కువ. అయినా అతన్నే ఖాయం చేశాను.

మరొక్కటి. పొద్దున్నే వంటింటి గోడలో ఎక్కడో కరకరమంటుంది. షార్ట్ సర్క్యూటేమో. దానికి తోడు సరిగ్గా అదే వేళకి పక్కింటి మరిడమ్మగారు కంచె దగ్గరకొచ్చి మన ఇంటి వైపు చూస్తారు. పలకరించరు, చూసి వెళ్లిపోతారు. మనిషికీ గోడకీ కూడా నా మీద ఏదో ఫిర్యాదున్నట్టుంది.

ఒప్పుకోలు కాగితం పంపండి.

మీ మేనకోడలు, దొంగ కానిది,
పింకీ

*

మారేడుమిల్లి దాటి, కొండ మీద
16 జూన్ 2025

పింకీకి,

నీ ఉత్తరమూ మీ నాన్న ఉత్తరమూ ఒకే జీపులో, ఒకే సంచిలో ఒకదాన్నొకటి ఆనుకుని వచ్చేయి. ముందు వాడిదే చదివేను, చేదు ముందు మింగాలి కదా. కాగితం రాసి సంతకం పెట్టి దీనితోనే ఉంచేను. మీటరు ఎవరి పేరున ఉంటే ఏం, వెలిగేది బల్బే.

ఆ ఇల్లు నేనెలా కట్టుకున్నానో మీ నాన్నకి గుర్తు లేదు. అప్పట్లో ముక్తేశ్వరంలో టీచర్ని. నాకు సంబంధం వచ్చి తప్పిపోయినప్పుడల్లా మనసు మళ్లించుకోవడానికి ఒక గోడ లేపించేదాన్ని. నాలుగు సంబంధాలొచ్చేయి, నాలుగు గోడలయ్యేయి. కప్పు మాత్రం సంతోషంగా వేసుకున్నాను.

ఇక్కడ వానలు మొదలయ్యేయి. వాన మన వైపులా నెత్తి మీద పడదు, ఎదురుగా నడిచొస్తుంది. అవతలి కొండ మాయమవుతుంది, తర్వాత ఇవతలిది, తర్వాత మా జెండా కర్ర. పిల్లలు వరండాలో నిలబడి "వచ్చేసింది, వచ్చేసింది" అని గుసగుసలాడతారు, దేవుడొస్తున్నట్టు. సిగ్నలు కోసం గుట్టెక్కడం నా మోకాళ్లకి కుదరదు గనక నువ్వు ఉత్తరాలే రాయి. నీ ఉత్తరంలో ఫ్యాను సంగతి పిల్లలకి చదివి వినిపించేను. ఆ ఫైబరంటే ఏమిటని అడిగేరు. గాజు తీగట, అందులో వెలుగు వెళ్తుందట అన్నాను, నాకు తెలిసిందంతే. ఒక పిల్ల లేచి "వెలుగు తిన్నగా కదా పోతుంది మేడమ్, తీగ వంపు తిరిగితే ఎలా తిరుగుతుంది?" అంది. నేను బల్ల సర్దుకున్నాను. జవాబు నువ్వు రాయాలి.

ఇప్పుడు అసలు సంగతి. నిన్ను నేను దొంగవనుకోలేదు. కాని ఉద్యోగం ఒక్కటే అయితే ఇంత దూరం రావు. ఒంటరిగా ఉండాలని వయసులో ఉన్న పిల్ల ఊరికే కోరుకోదు. ఎవరైనా నీ మనసు కష్టపెట్టి ఉంటే నాకు రాయి, నేను మీ నాన్నకి చెప్పను. మరిడమ్మకి కూడా కార్డు ముక్క వేసేను, మా పిల్ల వచ్చి ఉంది, కాస్త కనిపెట్టి ఉండమని. ఆవిడ మాట దాటకు.

జీపువాడు హారను కొడుతున్నాడు. ఆ వంటింటి గోడ జోలికి ఇప్పుడే వెళ్లకు, వివరం వచ్చే ఉత్తరంలో

అత్తయ్య

*

ముక్తేశ్వరం
24 జూన్ 2025

అత్తయ్య గారికి,

కాగితం అందింది. మీటరు నా పేరున వచ్చింది. అట్టడబ్బాలోంచి తీసి బిగించినప్పుడు సున్నాల పక్కన ఎర్ర చుక్క ఒకటి కొట్టుకోవడం మొదలైంది. పుట్టిన పిల్ల గుండెలాగ. సర్వీసు నంబరు కింద నా పేరు, ఇంటి పేరుతో సహా.

నా మనసు ఎవరూ కష్టపెట్టలేదు, అత్తయ్యా. అందరూ అడిగేది అదే. ఆడపిల్ల ఒక గది అడిగితే అందులో ఏడవడానికే అనుకుంటారెందుకు? మీరు నాలుగు గోడలు కట్టుకున్నారు, మిమ్మల్ని కూడా ఇలాగే అడిగి ఉంటారు. మీరు అడగరనుకున్నాను.

వంటింటి గోడ జోలికి వెళ్లొద్దన్న మాట ఆలస్యంగా వచ్చింది. అప్పటికే పాత వైర్లన్నీ పీకించేశాను. టీవీ యాంటెన్నాది, ఎప్పుడో పోయిన టెలిఫోనుది, ఇంకా వంటింటి కిటికీలోంచి బయటికి పోయి, కొబ్బరిచెట్ల మీదుగా మరిడమ్మగారి వైపు వెళ్లే జంట తీగ ఒకటి. ఆ కరకర దానిదే. తీసేయగానే ఆగిపోయింది. కిటికీ పక్కన గోడకి ఒక మీట, దాని పైన చెక్కపెట్టె, అందులో తుప్పు పట్టిన చిన్న సుత్తి. ఆ పెట్టె దాచాను, మీదేమో అని. "డెడ్డు వైరండి, పిట్ట గూటిక్కూడా పనికిరాదు" అన్నాడు గంగబాబు. ఆ రోజే కొబ్బరి దింపు జరుగుతోంది. దింపువాళ్లు మట్టల కట్టలకి తాడు చాలలేదంటే ఆ తీగంతా వాళ్లకిచ్చేశాడు.

తర్వాత తన సంచిలోంచి ఫైబరు తీశాడు. పైన నల్ల తొడుగు, లోపల తెల్ల తొడుగు, దాని లోపల ఇంకో పొర. ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలుచుకుంటూ పోయి చివరికి "ఇదిగోండి" అన్నాడు. నాకేమీ కనపడలేదు. ఎండకి తిప్పితే మెరిసింది. నా తల వెంట్రుక తీసి పక్కన పెడితే రెండూ దాదాపు ఒకే లావు. మొత్తం హైదరాబాదు, నా ఉద్యోగం, అవతల ఉన్న సముద్రాలన్నీ ఇందులోంచి వస్తాయంటే గంగబాబుకి నవ్వులాటగానే ఉంది, రోజూ ఒలిచేవాడు కదా. నాకు మాత్రం గట్టిగా ఊపిరి వదలడానికి భయం వేసింది.

అక్కడితో ఆగిపోయింది. ఆపింది మీ మరిడమ్మగారు. గంగబాబు తీగలు కలిపే పెట్టె ఉన్నది ఆవిడ ఇంటి అవతల వీధిలో. తీగ రావాలంటే ఆవిడ చెట్ల మీదుగానే రావాలి, మిగతా మూడు వైపులా చేపల చెరువులూ కాలవా. ఆవిడ గుమ్మం ముందు చేటలో బియ్యం చెరుగుతోంది. నేను కంచె ఇవతల నిలబడి అడిగాను.

"మీ చెట్ల మీంచి చిన్న తీగండి, చెట్టుకి మేకు కూడా కొట్టరు."

"వద్దండి."

"ఎందుకండీ?"

"మా చెట్లండి. వద్దన్నాను కదండీ."

"మా అత్తయ్య మీకు కార్డు రాశారట కదండీ."

"ఆయ్, రాసేరండి. కనిపెట్టి ఉండమన్నారండి. ఉన్నానండి. చూస్తూనే ఉన్నాను తమరేం చేస్తున్నారో."

అంటే నా మీద కాపలా పెట్టారన్నమాట. నాన్న మండపేట నుంచి, మీరు కొండ మీంచి, ఆవిడ కంచె మీంచి. మీరంతా ఒకటే. ఇంకా మూడు వారాలుంది. ఆవిడ కాదంటే నా పెట్టె నేనే సర్దుకోవాలి. మీరు ఆవిడకి నచ్చజెప్పగలిగితే చెప్పండి, లేకపోతే ఆ స్కూలువాళ్లకి నా తరఫున వందనాలు చెప్పమని నాన్నకి రాయండి.

పింకీ

*

కొండ మీద
2 జూలై 2025

పింకీ,

ఆ జంట తీగ నాదీ మరిడమ్మదీ. కూర్చుని చదువు.

నేను ఇల్లు కట్టేనాటికి మరిడమ్మ కొత్తకోడలు. వాళ్లాయన లోవరాజుది కోటిపల్లి రేవులో నావ మీద పని, వరదొస్తే ఇంటికి రాడు. వాళ్ల అత్తగారు మాట కటువు మనిషి కాదు. కాని మా గుమ్మం తొక్కితే కోడలి చేత తలస్నానం చేయించేది. నేను వాళ్ల కంచె లోపలికి వెళ్లకూడదు. మేం చర్చికి పోయేవాళ్లం, అంతకుముందు మా తాతలు వాళ్ల పొలాల్లో నాట్లు ఊడ్చినవాళ్లు. మేమిద్దరం కంచెకి చెరోవైపు నిలబడి మాట్లాడుకునేవాళ్లం. అరటిపండు ఇస్తే కంచె కర్ర మీద పెట్టేది, నేను తీసుకునేదాన్ని.

మొదటి కానుపుకి ఆవిడ ఒక్కతే ఉంది. అత్తగారు కూతురింటికి వెళ్లింది. గోదారి పోటు మీదుంది, వాన. ఆవిడ నన్ను పిలిచిందట. నేను పక్కింట్లో పిల్లల పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. రేకుల మీద వాన చప్పుడుకి నాకేమీ వినపడలేదు. బిడ్డ దక్కలేదు.

ఆ తర్వాత అమలాపురం వెళ్లి మోగే గంటలు రెండు, మీటలు రెండు, సెల్లులు, తీగ కొనుక్కొచ్చేను. స్కూల్లో సైన్సు టీచరు చేత కట్టించేను. ఆవిడ ఇంట్లో మీట నొక్కితే మా వంటింట్లో మోగుతుంది, నేను నొక్కితే అక్కడ మోగుతుంది. తీగ కంచె దాటే రోజు వాళ్ల అత్తగారు చాలాసేపు చూసింది. మనిషి రాకూడదని పెద్దలు చెప్పేరు గాని తీగ సంగతి ఎవరూ చెప్పలేదు. చివరికి "తీగకి కులమేమిట్లే, రానీ" అంది.

పొద్దున్నే ఆవిడ ఒకసారి నొక్కేది, లేచేనని. నేను ఒకసారి నొక్కేదాన్ని, నేనూ లేచేనని. ఆగకుండా మోగితే పరిగెత్తి రమ్మని. రెండో కానుపుకి ఆగకుండా మోగింది. నేను కంచె దగ్గరికి వెళ్లేసరికి వాళ్ల అత్తగారే తలుపు తీసి పట్టుకుని నిలబడి ఉంది. ఆ రోజు ఎవరూ ఎవరి చేతా తలస్నానం చేయించలేదు. ఇప్పుడు నావ మీదున్న పెద్దవాడు వాడే.

నా కార్డుకి మరిడమ్మ జవాబు రాయించింది. నేను తాళం వేసి ఇటు వచ్చేశాక కూడా ఆవిడ పొద్దున్నే నొక్కుతూనే ఉందట. "ఖాళీ ఇంట్లో ఎవరికే?" అని లోవరాజు అడిగితే "బల్లులున్నాయి" అందట. నువ్వొచ్చేక నొక్కింది. బదులు లేదు. నువ్వు లేచేవో లేదో చూసుకోవడానికి కంచె దగ్గరికొచ్చేది, కంటితో చూసి వెళ్లేది. నువ్వు దాన్ని కాపలా అన్నావు. తర్వాత తీగ తెంపి మట్టల కట్టలకి ఇచ్చేవు, ఆవిడ కళ్లముందే.

మీటరు నీ పేరున పెట్టుకోమన్నాను. ఇంట్లో ఉన్న ప్రతి తీగా నీదని అనలేదు. నేను మరిడమ్మకి నచ్చజెప్పను. నువ్వే వెళ్లు.

అత్తయ్య

*

ముక్తేశ్వరం
16 జూలై 2025

అత్తయ్య గారికి,

మీ ఉత్తరం చదివి చెక్కపెట్టె తెరిచాను. సుత్తి కొట్టాల్సిన చోట ఏమీ లేదు, ఒక మర మాత్రం ఉంది. అప్పుడు తట్టింది. నా కొవ్వొత్తి కింద బోర్లించి ఉన్న గిన్నె. మైనం గీకి, చిల్లు మరకి తొడిగితే సరిగ్గా కూర్చుంది. గిన్నె ఊడిపోయిన గంటలో ఉత్తి సుత్తి గాలిని కొట్టుకునేది. నేను విన్న కరకర అదే.

ఆ పెట్టె పట్టుకుని వెళ్లాను. ఈసారి కంచె దగ్గర ఆగలేదు, లోపలికే వెళ్లాను. ఆవిడ చేపలు తోముతోంది.

"ఏం కావాలండీ?"

"గంట కావాలండి."

ఆవిడ చెయ్యి ఆగింది. "టీచరుగారు రాసేరా?"

"ఆయ్."

"అంటే ఆవిడ రాస్తే గాని తెలీదన్నమాట. మీరు బోలెడు చదువుకున్నారంట కదండీ. గోడకి మీట కనపడితే ఒకసారి నొక్కి చూడాలని కూడా అనిపించలేదా?"

అనిపించలేదు. నాలాంటిదానికి, పిట్టలకి షాకెందుకు కొట్టదా అని గంటలు గంటలు చూసినదానికి, అనిపించలేదు. పెట్టె ఆవిడ ముందు పెట్టి గిన్నె మీద వేలితో కొట్టాను. ఠంగుమంది. ఆవిడ పొలుసుల చేత్తోనే దాన్ని అందుకుని చెవి దగ్గర పెట్టుకుంది.

"ఈ చప్పుడు విని ఎన్నేళ్లైందో" అంది. తర్వాత, "ముందు నా గంట. తర్వాత నీ నెట్టు. ఆ కోతలరాయుడితో చెప్పు. ఇంకా నిలబడతావేమే, కూర్చో, ఈ చేపలు ఎవరు తోముతారు?" అంది. అండీ పోయి 'ఏమే' వచ్చింది. నాకు అంతకంటే పెద్ద అనుమతి ఇంకోటి లేదు.

గంగబాబు కొత్త జంట తీగా, ఫైబరూ కలిపి ఒకే కట్టుగా ఆవిడ చెట్ల మీదుగా లాగాడు. చెట్టుచెట్టుకీ ఆవిడ కింద నిలబడి "లాగకు, మొవ్వుకి తగులుతుంది" అని చెబుతూనే ఉంది. గంట ముందు కట్టారు. తర్వాత ఫైబరు అతుకు.

ఆ అతుకు మీకు రాయాలి. చిన్న మిషను, పైన అద్దంలాంటి తెర. ఆ కంటికి కనపడని గాజు కొసలు రెండూ తెర మీద రెండు తాటిమానులంత లావుగా కనిపించాయి. వాటంతటవే ఒకదానికొకటి ఎదురుగా కదిలి, కొంచెం పైకి, కొంచెం పక్కకి, సరిచూసుకుని ఆగాయి. మధ్యలో ఒక మెరుపు. అంతే, రెండు మానులు ఒక్కటయ్యాయి. నేను కళ్లు చికిలించి వెతికాను, అతుకు ఎక్కడా లేదు.

తర్వాత గంగబాబు ఎర్ర లైటున్న పెన్ను ఒకటి మరిడమ్మగారి వైపు కొసకి తగిలించాడు. నన్ను ఇటు పంపించాడు. మన వంటింటి కిటికీలో తీగ కొసకి ఎర్రటి చుక్క వచ్చి ఉంది. ఆవిడ పెరట్లో ఎక్కిన వెలుగు, కొబ్బరి మొవ్వులన్నీ తిరిగి, కంచె దాటి, మీ కిటికీలో దిగింది. నేను అరచెయ్యి పెడితే నా చేతిలో పడింది. వేడి లేదు, బరువు లేదు. నేను పిలవగానే ఆవిడ తడి చేతులతోనే వచ్చింది. మీ వంటింట్లోకి రావడం ఎన్నాళ్లకో అట. ఆ చుక్కకి తన అరచెయ్యి పట్టింది.

"మా ఇంటికాడ పెడితే మీ ఇంట్లో తేలింది. ఇదేనా నెట్టు?" అంది.

"ఆయ్, ఇదే."

"మేం ఎప్పుడో చేసేం" అంది.

మీ పిల్లలకి జవాబు. వెలుగు వంపు తిరగదు, తిన్నగానే వెళ్తుంది. కాని గాజు లోపలి అంచుకి తగిలి వెనక్కి, అవతలి అంచుకి తగిలి ఇవతలికి, అలా తగులుతూ తగులుతూ తీగ ఎటు తిరిగితే అటు చేరుతుంది. తీగని మరీ గట్టిగా మడిస్తే మాత్రం బయటికి పోతుంది. మునగచెట్టు దగ్గర గంగబాబు మడిచి చూపించాడు. ఆ మలుపు దగ్గర తీగ చర్మం లోంచే ఎర్రగా కారింది.

నాన్న నిన్న రేవులో పంటు ఎక్కి గోదారి దాటి వచ్చారు, పదిహేనో తారీఖు కదా. ఖాళీ సంచి కూడా తెచ్చుకున్నారు, నా సామానుకి. గుమ్మంలోకి అడుగుపెట్టగానే వంటింట్లో గంట మోగింది. "ఏంటది?" అని ఉలిక్కిపడ్డారు. "పక్కింటావిడ. మీరు వచ్చేరా అని అడుగుతోంది" అన్నాను, మీట నొక్కి బదులిచ్చి. ఆయన కూర్చోకుండానే నేను కంప్యూటరు తెరిచి మండపేట తీశాను. పై నుంచి రైసుమిల్లు, కళ్లంలో ఆరబోసిన ధాన్యం పసుపు దుప్పటిలాగ, దాని పక్కన ఆయన పనిచేసే కాటా గది కప్పు. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"నేను రోజూ ఉండేది దీని కిందేనా" అన్నారు మెల్లగా. వేలితో ఆ కప్పుని తడిమారు, తడిగా ఉందేమో చూస్తున్నట్టు.

అన్నం తిన్నాక ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నారు. "సరే, మాట మాటే. డిసెంబరులో అక్క రిటైరై వచ్చేస్తుంది. అందాకా ఉండు, తర్వాత వచ్చేయ్" అన్నారు. మీ రిటైర్మెంటు సంగతి నాకు తెలియదు. మీరు రాయలేదు.

పింకీ

*

కొండ మీద
24 జూలై 2025

పింకీకి,

ఉత్తరం పిల్లలందరికీ చదివేను. ఎర్ర చుక్క దగ్గరకొచ్చేసరికి అంతా నా బల్ల చుట్టూ చేరేరు. ఆ ప్రశ్న అడిగిన పిల్ల మరచెంబు మీద టార్చి వేసి, అంచులకి తగిలించి, మూలకి వెలుగు పంపాలని చూస్తోంది. నేను చదువు చెప్పిన ఇన్నేళ్లలో ఒక జవాబు ఇంత దూరం నడిచి రావడం చూడలేదు. మరిడమ్మ అరచేతిలో వెలుగు పట్టుకున్న చోటు నేను రెండోసారి పిల్లలకి వినిపించలేదు, నాలో నేనే చదువుకున్నాను.

డిసెంబరు మాట నిజమే. రాద్దామనుకుంటూనే ఉన్నాను. నువ్వు నా కోసమని అక్కడ కట్టుబడిపోతావేమోనని రాయలేదు. నన్ను చూసుకోవడానికి ఎవరూ అక్కర్లేదు, పింకీ. నాకు మోకాళ్లు తప్ప అన్నీ పనిచేస్తున్నాయి, పక్కన మరిడమ్మ ఉంది. నువ్వు వయసు పిల్లవి, అప్పటికి హైదరాబాదు వెళ్లాలనిపిస్తుంది. ఇద్దరు ఆడవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు బతకడానికి ఒక ఇల్లు చాలదు, నా అనుభవం అది. మీ నాన్నకి కూడా అదే రాసేను, డిసెంబరుకి పిల్లని నీకు అప్పగిస్తానని. వెళ్లేముందు మీటరు నా పేరుకి మార్పించి, గంటలో సెల్లులు మార్చి వెళ్లు.

దీవెనలతో,
అత్తయ్య

*

ముక్తేశ్వరం
1 ఆగస్టు 2025

అత్తయ్య గారికి,

ఇక్కడ గోదారికి నీళ్లు వచ్చాయి, ఎర్రగా, నిండుగా. పంటు ఆపేశారు. రేవు దగ్గర నిలబడితే ఒడ్డు కదులుతోందో నీళ్లు కదులుతున్నాయో తెలియడం లేదు. లోవరాజు మావయ్య నావ మెరక మీదకి లాగేసుకుని ఇంటికి వచ్చేశాడు.

నేను నిన్న మనవైపు పటం గీశాను. పై నుంచి చూస్తే కోనసీమలో నేల తక్కువ. కాలవలు, చెరువులు, మధ్యలో కొబ్బరిచెట్లు చుక్కలు చుక్కలుగా. మన ఇంటి కప్పు, మరిడమ్మగారి కప్పు, రెండూ గీశాను. మధ్యలో తీగ ఫొటోలో కనపడదు. అయినా అది ఎక్కడెక్కడ ఏ చెట్టు మీద ఉందో నాకు తెలుసు.

పొద్దున్నే గంట మోగుతుంది. నేను ఒకసారి నొక్కుతాను. ఒక్కోరోజు ముందు నేనే నొక్కుతాను. "ఇవాళ నీకేం పని, అంత పెందరాళే లేచేవు?" అని ఆవిడ కంచె దగ్గర నుంచి అరుస్తుంది. గంట ఉండగా అరవడమెందుకంటే "గంట తిట్టదు కదే" అంటుంది.

మీరు నన్ను నాన్నకి అప్పగించడానికి నేను మీ దగ్గర ఎవరో దాచిన సొమ్ము కాదు. మీ కోసం ఉండిపోవడం లేదు, ఎవరి మీదా అలిగి ఉండడం లేదు, హైదరాబాదు కోసం ఎదురుచూడడం లేదు. ఒక ఇల్లు చాలదన్నారు. నాలుగు గోడల మధ్య ఇంకో గోడ లేపించాను, నిన్ననే తాపీవాళ్లు పూత పూశారు. తూర్పు గది మీది, కిటికీ లోంచి మరిడమ్మగారి చెట్లు కనిపిస్తాయి. పడమటి గదిలో నా బల్ల ఉంది.

డిసెంబరులో మీరు రండి. సెల్లులు మార్చాను. మీటరు నా పేరునే ఉంటుంది. నేను వెళ్లడం లేదు.

పింకీ